కంప్యూటర్‌లో గీసిన రూటు జీపీఎస్‌లోకి ఎక్కించగానే మారిపోతోంది, ఎందుకు?

కనుమదారి:

వచ్చే నెలలో ముగ్గురం బైకుల మీద పర్యటనకు బయలుదేరుతున్నాం. దారి చూసే బాధ్యత నా నెత్తిన పడింది. ఒక వెబ్‌సైటులో కూర్చుని, పెద్ద రహదారుల జోలికి పోకుండా, మలుపులున్న చిన్న దారులన్నీ ఏరుకుని మొదటి రోజుకు 340 కిలోమీటర్ల రూటు తయారు చేశాను. అది జీపీఎక్స్ ఫైలుగా (దారి వివరాలు దాచే ఫైలు రకం) దించుకుని, బైకుకు బిగించే జీపీఎస్‌లోకి ఎక్కించాను. ఫైలు తెరుచుకుంది కానీ అందులో దూరం 296 కిలోమీటర్లని చూపిస్తోంది. రెండు చోట్ల ఘాట్ రోడ్డును వదిలేసి హైవే ఎక్కేసింది. ఇంకో చోట దారికి తోక మొలిచింది: ఒక పక్క సందులోకి రెండు వందల మీటర్లు వెళ్లి, యూటర్న్ తీసుకుని మళ్లీ అదే కూడలికి రమ్మంటోంది. నేను గీసిన గీతలో అలాంటిదేమీ లేదు.

దించుకునేటప్పుడు రూటు, ట్రాకు, వే పాయింట్లు అని మూడు గడులు కనిపించాయి. పేరు చూసి రూటు ఒక్కటే ఎంచుకున్నాను. సమస్య అక్కడే ఉందా? ఫైలు పాడైందా? లేక పరికరమే మార్చుకోవాలా?

రెండుచక్రాలు:

ఫైలు పాడైతే మామూలుగా తెరుచుకోదు, కాబట్టి ఆ అనుమానం వదిలేయండి. పరికరం సెట్టింగుల్లో ‘వేగమైన దారి’ అని ఉందేమో చూడండి. ఉంటే అవకాశం దొరికినప్పుడల్లా హైవే మీదికే తీసుకెళ్తుంది. మట్టి రోడ్లు వద్దని ఎక్కడైనా ఎంచి ఉన్నా, ఘాట్ రోడ్డులో చిన్న ముక్క మ్యాపులో మట్టి రోడ్డుగా నమోదై ఉంటే, మొత్తం ఘాట్‌నే తప్పించేస్తుంది.

పాతపటం:

పరికరం మార్చకండి. డబ్బులు పెట్రోలుకు పనికొస్తాయి.

మీరు దారిని పంపాననుకుంటున్నారు. నిజానికి పంపింది కొన్ని చుక్కలు మాత్రమే. నమ్మకం లేకపోతే ఆ జీపీఎక్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అదేమీ బ్రహ్మవిద్య కాదు, మామూలు అక్షరాల ఫైలే. ఇప్పుడు అందరూ వాడుతున్న 1.1 రూపం 2004 నాటిది. ఇన్నేళ్లుగా మారలేదు కాబట్టే చాలా కంపెనీల పరికరాలు దాన్ని చదువుతున్నాయి. లోపల రూటు భాగంలో, ఒక్కో చుక్కకు ఒక అక్షాంశం, ఒక రేఖాంశం, ఒక పేరు ఉంటాయి. లెక్కపెట్టండి. మీరు మౌసుతో నొక్కిన చోట్లు ఎన్నో, చుక్కలూ దాదాపు అన్నే ఉంటాయి. పన్నెండు ఉన్నాయనుకుందాం. అంటే ముప్పై కిలోమీటర్లకు ఒకటి. ఆ చుక్కకూ ఈ చుక్కకూ మధ్య ఏ రోడ్డు పట్టుకోవాలో ఆ ఫైలులో ఒక్క అక్షరం కూడా ఉండదు.

ఆ ఖాళీని ఎవరు నింపాలి? వెబ్‌సైటు తన మ్యాపుతో, తన అభిరుచితో నింపింది. కుర్విగర్ లాంటి సైట్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు) తీసుకుని, వంపులు ఎక్కువున్న దారికి మొగ్గు చూపుతాయి. మీ పరికరం తన సొంత మ్యాపుతో, తన సొంత సెట్టింగుతో మళ్లీ మొదటి నుంచి లెక్క కడుతుంది. ఒకే ఊళ్ల పట్టిక ఇద్దరు డ్రైవర్ల చేతికిస్తే ఇద్దరూ ఒకే దారిన వస్తారా? మీ 44 కిలోమీటర్ల తేడా అంతా ఇక్కడి నుంచి వచ్చిందే.

మీరు చూసిన మూడో గడి, వే పాయింట్లు, విడివిడిగా గుర్తు పెట్టుకున్న చోట్లు మాత్రమే. ట్రాకు సంగతి వేరు. అందులో చుక్కలు వేలల్లో ఉంటాయి, ప్రతి వంపుకూ కొన్ని. వాటిని వరసగా కలిపితే మీరు గీసిన గీత అచ్చంగా అదే వస్తుంది. పరికరం దాన్ని లెక్క కట్టదు, ఊరికే మ్యాపు మీద గీస్తుంది. అందుకే మారదు. అయితే చాలా పరికరాలు ట్రాకు మీద ‘ముందు ఎడమకు తిరగండి’ అని చెప్పవు. కొత్తవి కొన్ని ట్రాకును రూటుగా మార్చుకుని నోరు విప్పుతాయి కానీ, మార్చుకునేటప్పుడు అవీ కొంత సొంత తెలివి కలుపుతాయి.

నేను చేసేది ఇది: రెండూ ఎక్కిస్తాను. మాట్లాడటానికి రూటు, సాక్ష్యానికి ట్రాకు. ట్రాకుకు నలుపో ముదురు నీలమో పెట్టి మ్యాపులో ఎప్పుడూ కనిపించేలా ఉంచుతాను. రూటు గీత దాని మీదుగా సాగినంత సేపూ నిశ్చింత. రెండు గీతలు విడిపోయాయంటే పరికరం సొంత పెత్తనం మొదలుపెట్టిందని అర్థం. అప్పుడు నేను నల్ల గీతనే నమ్ముతాను. ఇంట్లో కూర్చుని తీరిగ్గా ఆలోచించి గీసింది అదే కదా!

ఇప్పుడు చుక్కల గురించి. అసలు పనితనం ఇక్కడే ఉంది. చాలామంది భయంతో అయిదు కిలోమీటర్లకొకటి చొప్పున గుచ్చేస్తారు. అక్కర్లేదు. గీసిన దారిని మొదటి నుంచి చివరికి మెల్లగా జరుపుతూ చూడండి. ఎక్కడ పరికరానికి వేరే దారి ఆశ పుడుతుందో అక్కడ ఒక చుక్క పెట్టండి. ఘాట్ రోడ్డు ఎక్కాక దిగేదాకా పక్క దారే లేకపోతే నలభై కిలోమీటర్లకు ఒక్క చుక్క చాలు, అది కూడా ఘాట్ మధ్యలో. మైదానంలో హైవేకు సమాంతరంగా పాత రోడ్డు పోతుంటే మాత్రం ఉదారంగా ఉండండి. హైవేను కలిపే ప్రతి చిన్న రోడ్డు దగ్గరా అది హైవే మీదికి దూకాలనే చూస్తుంది.

చుక్కను కూడలి మీద ఎప్పుడూ పెట్టవద్దు. మీ తోక కథ అదే. వెబ్‌సైటు మ్యాపులో కూడలి నడిబొడ్డున ఉన్న చుక్క, మీ పరికరం మ్యాపులో కొంత పక్కకు, ఆ సందు మీద పడింది. అక్కడికి వెళ్లి తీరాలని మీరు ఆజ్ఞాపించినట్టే కాబట్టి పాపం అది వెళ్లి వెనక్కి వస్తోంది. మలుపు తిరిగాక కొంత దూరం పోయి, ముందూ వెనకా కూడలి లేని చోట, మ్యాపును పూర్తిగా దగ్గరికి లాక్కుని, రోడ్డు గీత మధ్యలో పెట్టండి. డివైడర్ ఉన్న రోడ్డయితే ఇంకా జాగ్రత్త. డిగ్రీలో నాలుగో దశాంశ స్థానం ఒక అంకె జరిగితే అక్షాంశం మీద దాదాపు 11 మీటర్లు జరిగినట్టు. ఆ పాటి తేడాకే చుక్క అవతలి వైపు రోడ్డు మీద పడుతుంది. ఇక అది మిమ్మల్ని ముందుకు పంపి, యూటర్న్ కొట్టించి, చుక్కను తాకించి, మళ్లీ యూటర్న్ కొట్టిస్తుంది.

చుక్కల్లో రెండు జాతులున్నాయి. వయా పాయింటు అంటే ఆగే చోటు. దగ్గరికి రాగానే పరికరం చెబుతుంది, తప్పిపోతే వెనక్కి రమ్మని వెంటపడుతుంది. షేపింగ్ పాయింటు అంటే దారిని వంచడానికి పెట్టినది. అది నోరెత్తదు. పెట్రోలు, భోజనం, రాత్రి బస: వీటికే వయా. మిగతావన్నీ షేపింగ్. అన్నీ వయాలుగా వదిలేస్తే రోజంతా ‘గమ్యం చేరుకున్నారు’ అని హెల్మెట్‌లో వినిపిస్తూనే ఉంటుంది, చేరింది ఏమీ ఉండదు.

చివరగా, దారి తప్పినప్పుడు మళ్లీ లెక్క కట్టడం అనే సెట్టింగు. దాన్ని ‘అడిగి చెయ్యి’ మీద పెట్టండి. తానంతట తాను చేసే పద్ధతిలో ఉంచితే, పెట్రోలు బంకులోకి తిరగగానే రూటును తిరగరాసే ప్రమాదం ఉంది.

ఫోనుచాలు:

ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కాదు. ఫోనులో ఓఎస్‌ఎమ్‌అండ్ లాంటి మ్యాపు యాప్ వేసుకుని, అదే జీపీఎక్స్‌ను తెరిస్తే పోయేదానికి కేబులు, ఫోల్డర్లు, చుక్కల జాతకాలు! ఎంచక్కా తెర కూడా పెద్దది.

పాతపటం:

మీ మాటలో సగం ఒప్పుకుంటాను. యాప్ మంచిదే, మ్యాపు ముందే దించుకుంటే సిగ్నల్ లేని చోటా పనిచేస్తుంది. కానీ చుక్కల బాధ ఫోనుకూ ఉంది. రూటు ఒక్కటే ఇస్తే ఆ యాప్ కూడా తన లెక్క తాను కడుతుంది. తంతు తప్పదు, వేదిక మారుతుంది అంతే.

ఇక ఫోను హ్యాండిల్ మీద ఎలా ఉంటుందో చూద్దాం. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర వెలుగు పూర్తిగా పెంచి, పక్కన ఛార్జింగ్ పెడితే వేడెక్కుతుంది. వేడెక్కగానే తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గిస్తుంది, సరిగ్గా చూడాల్సిన సమయానికి నల్లబడుతుంది. వానలో చినుకు పడిన చోటల్లా వేలు తగిలిందనుకుంటుంది. కెమెరా సంగతి కూడా గుర్తుంచుకోండి. పెద్ద ఇంజన్ల బైకుల అదురుకు ఐఫోన్ కెమెరాలోని స్థిరీకరణ భాగాలు దెబ్బతినవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. ఫోనును జేబులో పెట్టుకుని, అందులో అదే ట్రాకును ఉంచుకోండి. జీపీఎస్ మొరాయించిన రోజు మీకన్నా ధనవంతుడు ఉండడు.

కనుమదారి:

పాతపటం గారూ, ధన్యవాదాలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను, చుక్కలు పద్నాలుగే! చుక్కల్ని కూడళ్ల మీద నుంచి జరిపి, హైవే పక్కన వెళ్లే ముక్కలో నాలుగు కొత్తవి పెట్టి, రూటు, ట్రాకు రెండూ దించుకున్నాను. తోక పోయింది. దూరం 338 చూపిస్తోంది.

కానీ ఎక్కించడంలో ఇంకో చిక్కు. ఈసారి వేరే కేబులు పెడితే పరికరం ఛార్జ్ అవుతోంది కానీ కంప్యూటర్‌లో కనిపించడం లేదు. ఇంకొకటి, మాలో ఒకరి దగ్గర పాత టామ్‌టామ్ జీపీఎస్ ఉంది. దానికి ఇదే ఫైలు సరిపోతుందా?

రెండుచక్రాలు:

కేబులు తప్ప ఇంకేమీ కాదు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో సమాచారం మోసే తీగలు ఉండవు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. పరికరంతో పాటు పెట్టెలో వచ్చిన దాన్ని వెతికి, దానికి ఏదైనా రంగు టేపు చుట్టి పెట్టుకోండి.

పాతపటం:

కేబులు గురించి రెండుచక్రాలు చెప్పిందే నా మాట కూడా. ఇంకొక్క సంగతి. కొన్ని పరికరాలు పెన్‌డ్రైవ్‌లా డ్రైవు అక్షరంతో తెరుచుకుంటాయి, కొన్ని ఫోనులా తెరుచుకుంటాయి. గార్మిన్ జుమో ఎక్స్‌టీ అనే బైకు జీపీఎస్ రెండో రకం. అలాంటివి మ్యాక్ కంప్యూటర్‌లో నేరుగా కనిపించవు, వాటికి విడిగా ఒక ప్రోగ్రాం కావాలి. విండోస్ అయితే ఇబ్బంది లేదు. ఫైలును లోపలున్న జీపీఎక్స్ ఫోల్డరులో వేశాక పని అయిపోలేదు. కేబులు తీసి, పరికరంలో ట్రిప్ ప్లానర్ తెరిచి, అక్కడి నుంచి దిగుమతి చేసుకోవాలి. ‘ఎక్కించాను కానీ కనిపించడం లేదు’ అనేవాళ్లలో సగం మంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు.

పరికరం చూపించేది ఫైలు పేరు కాదు, ఫైలు లోపల రాసి ఉన్న పేరు. మొదటి రోజు, రెండో రోజు అన్నిటికీ వెబ్‌సైటు ఒకే పేరు పెట్టి ఉంటే జాబితాలో ఏది ఏదో తెలియదు. దించుకునే ముందే పేరు మార్చండి, ముందు 1, 2 అని అంకె పెట్టండి. తెలుగు అక్షరాలు కొన్ని పరికరాల్లో ఖాళీ గడులుగా కనిపిస్తాయి, కాబట్టి ఇక్కడ మాత్రం భాషాభిమానం పక్కన పెట్టక తప్పదు.

టామ్‌టామ్ విషయానికొస్తే, పాతవి ఐటీఎన్ అనే వేరే రకం ఫైలు అడుగుతాయి. జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత ప్రోగ్రాం జీపీఎక్స్‌ను ఐటీఎన్‌గా మార్చి ఇస్తుంది. మార్చాక తప్పకుండా ఒకసారి మ్యాపు మీద చూసుకోండి. ఐటీఎన్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తాయి, పైగా దశాంశ బిందువు ఉండదు, అంకెను లక్షతో గుణించి రాస్తారు. జీపీఎక్స్‌లో అక్షాంశం ముందు రాయడం వాడుక. ఎవరైనా చేత్తో దిద్ది ఈ రెండూ తారుమారు చేస్తే మీ రూటు ఏ సముద్రంలోనో తేలుతుంది. తేలితే కంగారు పడకుండా ఈ వరసను చూడండి.

పాత పరికరాలకు చుక్కల మీద పరిమితి కూడా ఉంటుంది. కొన్ని టామ్‌టామ్‌లు ఒక ఫైలులో 48 చుక్కలకు మించి తీసుకోవు. మీ రూటు దానికి చాలా లోపలే ఉంది. ట్రాకును ఐటీఎన్‌గా మార్చాలని మాత్రం చూడకండి, వేల చుక్కలను అది మింగలేదు. ఆ మిత్రుడికి రూటు ఐటీఎన్‌లో ఇచ్చి, ట్రాకును ఆయన ఫోనులో వేయించండి.

కనుమదారి:

పెట్టెలోని కేబులు దొరికింది, పరికరం కనిపించింది, దిగుమతి కూడా అయింది. పరికరం ఇప్పుడు ‘కొత్త మ్యాపు సిద్ధంగా ఉంది, నవీకరించాలా’ అని అడుగుతోంది. బయలుదేరే ముందు చేసేయమంటారా?

పాతపటం:

చేస్తే ఇప్పుడే, ఈ వారంలోనే చేయండి. బయలుదేరే ముందు రాత్రి మాత్రం ఆ బొత్తాము ముట్టుకోకండి. మ్యాపు మారితే దాచిన రూటును పరికరం మళ్లీ లెక్క కట్టవచ్చు, మీరు సరిచేసిన తోకలు మళ్లీ మొలవవచ్చు. నవీకరించాక రూట్లన్నిటినీ తెరిచి, ట్రాకు గీత మీద వేసి, మొదటి నుంచి చివరికి ఒకసారి జరిపి చూడండి. దూరం 338కి రెండు మూడు కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటే వదిలేయండి, పదికి మించితే ఎక్కడో హైవే ఎక్కిందని లెక్క.

రెండుచక్రాలు:

ఘాట్‌లో ఏదైనా రోడ్డు మూసి ఉంటే, వచ్చే చుక్కను దాటవేసే బొత్తాము ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. గ్లవ్స్‌తో నొక్కి చూడండి, కొన్నింటిలో అది తెర మీద మొదటి పేజీలో ఉండదు, మీరే తెచ్చి పెట్టుకోవాలి.