సెయింట్ రెజిస్ కానూ ఏరియాలో క్యాంపింగ్: రిజర్వేషన్ ఎక్కడ?

గోదారిగట్టు:
మేం న్యూజెర్సీలో ఉంటాం. ఆగస్టులో రెండు ఫ్యామిలీలం, పిల్లలతో కలిపి ఎనిమిది మందిమి, న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్స్ కొండల్లో, కానూ (తెడ్డేసే చిన్న పడవ) వేసుకుని చెరువులు తిరిగే సెయింట్ రెజిస్ కానూ ఏరియాకి వెళ్దామనుకుంటున్నాం. కారు పక్కనే టెంట్ వేసే క్యాంప్‌గ్రౌండ్‌లు విసుగొచ్చేశాయి, పక్క టెంట్ వాళ్ళ స్పీకర్ గోల వినడానికి అంత దూరం పోవాలా? కానీ బుకింగ్ సైట్‌లో ఈ చెరువులేవీ కనిపించట్లేదు. పర్మిషన్ ఎవర్ని అడగాలి?

పాతటెంట్:
కనిపించవండి, అక్కడ రిజర్వేషన్ లేదు, ఫీజూ లేదు, ముందెళ్ళినవాళ్ళదే చోటు. పది మంది, ఆపైన ఉంటేనో ఒకేచోట మూడు రాత్రులు దాటితేనో ఫారెస్ట్ రేంజర్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి, మీకు అక్కర్లేదు. చెట్టుకి 'క్యాంప్ హియర్' అని పసుపు బిళ్ళ కొట్టి ఉన్నచోట టెంట్ వేసుకోండి, లేదంటే నీటికీ దారికీ రోడ్డుకీ కనీసం 150 అడుగులు ఎడంగా వెయ్యాలి. చాలామంది లిటిల్ క్లియర్ పాండ్‌లో పడవ దింపుతారు. అందులో క్యాంపింగ్ కుదరదు, చేపలూ పట్టకూడదు. అది దాటి, పడవ భుజానికెత్తుకుని అరమైలు పైచిలుకు నడిస్తే సెయింట్ రెజిస్ పాండ్ వస్తుంది, సైట్లు అక్కడున్నాయి. మోటారు బోట్లు రానివ్వరు కాబట్టి మీరడిగిన ప్రశాంతత గ్యారంటీ.

అప్‌స్టేట్ అక్క:
పిల్లలతో ఆ మోత ఎందుకమ్మా, లాంగ్ పాండ్‌కి వెళ్ళండి. ఫ్లడ్‌వుడ్ రోడ్డు నుంచి పావు మైలే మొయ్యాలి, సైట్లు కూడా చాలా ఉంటాయి. శుక్రవారం సాయంత్రం చేరితే మంచివన్నీ అయిపోతాయి, వీలైతే వారం మధ్యలో పెట్టుకోండి. అద్దెకి తేలికైన కెవ్లార్ పడవే అడగండి, అల్యూమినియంది మోసేసరికి నడుం విరుగుతుంది. పన్నెండేళ్ళలోపు పిల్లలు పడవలో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, అది చట్టం. ఇంటి నుంచి కట్టెలు మాత్రం తీసుకెళ్ళకండి, పురుగులు పాకుతాయని 50 మైళ్ళు దాటించనివ్వరు. అక్కడ ఎండి రాలినవి ఏరుకోవచ్చు. పులిహోర, ఊరగాయ అన్నీ బేర్ క్యానిస్టర్‌లో (ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా) పెట్టి టెంట్‌కి దూరంగా ఉంచండి, ఎలుగుబంట్లకి మన ఘుమఘుమలు బాగానే తెలుస్తాయి.

గోదారిగట్టు:
థాంక్స్ అక్కా, లాంగ్ పాండే ఫిక్స్. చెరువు నీళ్ళు తాగొచ్చా? మా ఆయనకి అదే టెన్షన్.

పాతటెంట్:
ఎంత తేటగా ఉన్నా మరిగించో, ఫిల్టర్ పట్టో తాగండి, బీవర్లు (నీళ్ళలో ఉండే ఎలుక జాతి జంతువులు) తిరిగే నీళ్ళవి, జియార్డియా అనే పేగుల పరాన్నజీవి పట్టుకుంటే వారాల తరబడి విరేచనాలు. సైట్ దగ్గర టాయిలెట్ లేకపోతే నీటికి 150 అడుగుల అవతల ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తీసి పూడ్చెయ్యాలి. చిన్న పార కొనుక్కోండి.