స్టాక్ డేటా సీఎస్‌వీలోనే ఉంచాలా, డేటాబేస్‌కి మారాలా?

బెజవాడ బిల్లింగ్: మందుల హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. నాలుగు కౌంటర్లు, స్టాక్ అంతా షేర్డ్ ఫోల్డర్‌లో ఒకే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్). ఇద్దరు ఒకేసారి బిల్లు కొడితే ఒకరిది స్టాక్‌లోంచి తగ్గడం లేదు. ఓనరు గారు ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో చూసుకుంటారు, అది ఆగకూడదు. డేటాబేస్‌కి మారాలా? బ్యాకప్ ఎలా? తెలుగు పేర్లకి ఏం చూసుకోవాలి?

ఫైలే చాలు: మారకండి. లాక్ ఫైల్ (అది ఉన్నంతసేపూ మిగతా కౌంటర్లు ఆగాలని గుర్తు) పెట్టుకుని, కొత్త డేటా వేరే ఫైల్‌లో పూర్తిగా రాశాక పేరు మార్చండి. మా రైస్ మిల్లులో ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది. రేపు నేను లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా తెరిచి చదవగలరు.

డీబీఏ వైజాగ్: పేరు మారిస్తే సగం రాసిన ఫైల్ కనపడదు, అంతే. ఆయన బాధ అది కాదండీ. రెండు కౌంటర్లూ 50 స్ట్రిప్పులు అని చదివాయి. ఒకటి 10 అమ్మి 40 అని, ఇంకోటి 5 అమ్మి 45 అని రాసింది. ఉండాల్సింది 35, మిగిలింది 45.

ఫైలే చాలు: చదవకముందే లాక్ తీసుకుంటే ఇదెందుకు జరుగుతుంది? నేను లాక్ అన్నాను, సరిగ్గా చదవండి.

డీబీఏ వైజాగ్: లాక్ పట్టుకున్న కౌంటర్‌కి కరెంటు పోతే? లాక్ ఫైల్ అక్కడే ఉండిపోతుంది, మిగతా మూడు కౌంటర్లూ చేతులు కట్టుకు కూర్చోవాలి.

కరీంనగర్ కుర్రాడు: ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పెట్టేయండి అన్నా. ఒక్క ఫైలే, సర్వర్ అక్కర్లేదు. వాల్ మోడ్ (మార్పులని ముందు విడిగా లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతి) ఆన్ చేసి అదే షేర్డ్ ఫోల్డర్‌లో పడేయండి.

డీబీఏ వైజాగ్: తమ్ముడూ, అది మాత్రం చెప్పకు. వాల్ మోడ్‌లో ప్రోగ్రాములన్నీ ఒకే మెషీన్ మెమరీని పంచుకోవాలి. నెట్‌వర్క్ ఫోల్డర్ మీద పనిచేయదని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

కరీంనగర్ కుర్రాడు: నా దగ్గర నడుస్తోంది సార్. పోనీ మామూలు మోడ్‌లో?

డీబీఏ వైజాగ్: నడుస్తుంది, పాడయ్యే రోజు దాకా. నెట్‌వర్క్ ఫోల్డర్లలో ఫైల్ లాక్‌లని నమ్మలేం. పాడైన డేటాబేస్‌లు బాగుచేయడమే నా ఉద్యోగం. షేర్డ్ ఫోల్డర్ కేసులే ఎక్కువ వస్తాయి.

అకౌంట్స్ అక్క: లాక్‌ల మీద కొట్టుకుంటున్నారు సరే, ఎక్సెల్ సంగతి ఎవరికీ పట్టదా? బ్యాచ్ నంబర్ 00457 ఉన్న సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొడితే 457 అవుతుంది. రిటర్న్ వచ్చిన సరుకు ఏ బ్యాచ్‌దో తేలక నాకు ఆడిట్‌లో ఎంత టెన్షనో! 2020లో ఇంగ్లండ్‌లో సుమారు 16 వేల కోవిడ్ కేసులు లెక్కకి అందకుండా పోయింది కూడా, పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరసలకి మించి పట్టకపోవడం వల్లే. ఓనరు గారికి రోజూ విడిగా ఒక కాపీ తీసివ్వండి. అసలు డేటా మీద చెయ్యి పడనివ్వకండి.

కరీంనగర్ కుర్రాడు: మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టాల్సిందే, లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలే.

ఫైలే చాలు: ఇదీ తప్పే. తెలుగు అక్షరానికి 3 బైట్లు, పాత యూటీఎఫ్8లోనూ పడుతుంది. 4 కావాల్సింది ఎమోజీకి. ప్రశ్నార్థకాలు వచ్చేది టేబులో కనెక్షనో తెలుగు పట్టని లాటిన్1 ఎన్‌కోడింగ్‌లో ఉంటే. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా డిఫాల్ట్ అదే.

బెజవాడ బిల్లింగ్: షేర్డ్ ఫోల్డర్ ఉన్న మెషీన్‌లోనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ పెట్టి, కౌంటర్లన్నీ దానికి కలిపితే?

డీబీఏ వైజాగ్: అదే చేయండి. బిల్లు, స్టాక్ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టండి, అయితే రెండూ అవ్వాలి, లేకపోతే ఏదీ అవ్వకూడదు. స్టాక్‌ని చదివి కొత్త అంకె రాయొద్దు, ఉన్నదాంట్లోంచి 10 తగ్గించమని అప్‌డేట్‌లోనే చెప్పండి. బ్యాకప్‌కి పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ డంప్ టూల్ వాడండి. సర్వర్ నడుస్తుండగా డేటా ఫోల్డర్‌ని కాపీ కొడితే పనికిరాదు.

అకౌంట్స్ అక్క: ఆ డంప్ వేరే మెషీన్‌లో ఎక్కించి, తెరుచుకుంటుందో లేదో కూడా చూడండి బాబూ.