కేంబ్రిడ్జిలో చదవబోయే అమ్మాయికి, చూడబోయే తల్లిదండ్రులకు అక్కడ ఏమేమి ఉన్నాయి?

ప్రశ్న (ముమ్మిడివరం నుంచి ఒక తండ్రి)

మా అమ్మాయికి ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో, ఆంగ్లియా రస్కిన్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సెప్టెంబరులో బయలుదేరుతోంది. వచ్చే మే నెలలో, బడికి వేసవి సెలవులు ఇచ్చాక, నేనూ నా భార్యా వెళ్లి చూసి రావాలని ఆశపడుతున్నాము. ఫీజుకే బ్యాంకు రుణం తీసుకొన్నాము కనుక తిరగడానికి ఎక్కువ ఖర్చు పెట్టలేము. చదువుకొనే పిల్లకు అక్కడ సౌకర్యాలు ఎలా ఉంటాయో, మేము తప్పక చూడవలసినవి ఏవో, వాటిలో డబ్బు లేకుండా చూడగలిగినవి ఏవో తెలిసినవారు చెప్పగోరుతున్నాను. నేను సాంఘిక శాస్త్రం బోధిస్తాను. చరిత్ర గురించి నాలుగు మాటలు ఎక్కువ రాసినా సంతోషమే.

జవాబు 1 (భీమవరం నుంచి, అక్కడ చదివి వచ్చిన సభ్యురాలు)

మాస్టారికి నమస్కారం. ముందుగా మే నెల సంగతి చెప్పాలి. ఏప్రిల్ నుంచి జూన్ నడిమి వరకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పరీక్షల కాలం. ఆ రోజుల్లో కామ్ నది ఒడ్డున ఉన్న పేరున్న కళాశాలలు చాలావరకు సందర్శకులను లోపలికి రానివ్వవు. మీకు సెలవులు అప్పుడే కనుక ప్రయాణం మార్చుకోమని చెప్పలేను. అయితే కళాశాలల గేట్లు మూసి ఉన్నా ఆ ఊళ్లో చూడవలసింది తరగదు, పైగా అందులో మేలైనది ఉచితం.

1816లో ఒక ప్రభువు రాసిచ్చిన సంపదతో మొదలైన ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఈజిప్టు శవపేటికల నుంచి ఐరోపా చిత్రకారుల కళాఖండాల దాకా ఉన్నాయి. సోమవారం సాధారణంగా సెలవు. సెడ్జ్‌విక్ భూవిజ్ఞాన మ్యూజియంలో బీగిల్ ఓడ యాత్రలో డార్విన్ సేకరించిన రాళ్లు ఉన్నాయి. మీ విద్యార్థులకు చెప్పడానికి ఇంతకు మించినది దొరకదు. ఆ పక్కనే ఉన్న జంతుశాస్త్ర మ్యూజియంలో ఇరవై మీటర్లు దాటిన తిమింగలం అస్థిపంజరాన్ని తల పైన వేలాడదీశారు. ఈ మూడింటికీ టికెట్టు లేదు. 1446లో ఆరవ హెన్రీ రాజు మొదలుపెట్టించిన కింగ్స్ కళాశాల ప్రార్థనా మందిరానికి పగలు టికెట్టు ఉన్నా, విద్యా సంవత్సరం నడిచే రోజుల్లో సాయంత్రం జరిగే గాన ప్రార్థనకు ఎవరైనా ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు. విసనకర్ర మడతల్లా విచ్చుకొన్న ఆ రాతి పైకప్పు కింద బాలుర గొంతులు వినడానికి నేను సెలవు దొరికిన ప్రతిసారీ వెళ్లేదాన్ని. ఏ మతంవారైనా అక్కడ ఆ గంటసేపు నిశ్శబ్దంగా కూర్చోవలసిందే అని నా అభిప్రాయం.

సెయింట్ జాన్స్ కళాశాల గేటు ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. మన జిల్లాల కళాశాలలు దశాబ్దాలపాటు డిగ్రీలు అందుకొన్న ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివింది అక్కడే. ఆ పక్కన ఉన్న ట్రినిటీలో 1914 నుంచి 1919 వరకు శ్రీనివాస రామానుజన్ పనిచేశారు. ఆయన చివరి రోజుల లెక్కల కాగితాలు, 1976లో వెలుగు చూసినవి, ఆ కళాశాల రెన్ గ్రంథాలయంలోనే భద్రంగా ఉన్నాయి.

జవాబు 2 (రావులపాలెం కుర్రాడు, ప్రస్తుతం కేంబ్రిడ్జిలో)

అంకుల్, నమస్తే. ఆంగ్లియా రస్కిన్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వేర్వేరు సంస్థలని ముందే తెలిసి ఉంటే మంచిది. ఒక దాని గుర్తింపు కార్డు రెండోదాని కళాశాలల్లో చెల్లదు. మీ అమ్మాయి చదవబోయేది 1858లో చిత్రకళా పాఠశాలగా మొదలైంది. నగరం నడిబొడ్డుకు నడిచి వెళ్లే దూరంలో ఉంది.

ఈ ఊరు సైకిలు మీద నడుస్తుంది. రైల్వే స్టేషను దగ్గరి సైకిల్ స్టాండులోనే దాదాపు 3,000 సైకిళ్లు పడతాయి. పాత సైకిలు కొనుక్కొంటే చాలు, అయితే గట్టి తాళం తప్పనిసరి, దొంగతనాలు ఎక్కువ. చీకటి పడితే ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం లేకుండా తొక్కడం నేరం, పైగా డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. మిల్ రోడ్డులో బియ్యం, కందిపప్పు, కరివేపాకు దొరికే ఆసియా దుకాణాలు ఉన్నాయి. నగర గ్రంథాలయంలో సభ్యత్వం ఉచితం. గది అద్దె మాత్రం బాగా ఎక్కువ, కాబట్టి వసతి ఖాయం చేసుకొన్న తరువాతే టికెట్టు కొనమనండి. కోర్సు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు.

జవాబు 3 (ధవళేశ్వరం నుంచి, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన సభ్యుడు)

మాస్టారూ, ఒక రోజు తీసి కేంబ్రిడ్జికి ఉత్తరాన ఉన్న ఫెన్స్ ప్రాంతం చూడండి. మన కోనసీమవారికి ఆ నేల వెంటనే అర్థమవుతుంది. అది ఒకప్పుడు చిత్తడి నేల. పదిహేడో శతాబ్దంలో వెర్ముయిడెన్ అనే డచ్చి ఇంజనీరు ఏరిత్ అనే ఊరి నుంచి డెన్వర్ అనే ఊరి దాకా సుమారు 34 కిలోమీటర్ల పొడవున తిన్నగా రెండు కాలువలు తవ్వించి, నీటిని సముద్రం వైపు మళ్లించాడు. నేల ఎండింది గాని, కుళ్లిన మొక్కలతో ఏర్పడిన ఆ పీటు మట్టి నీరు పోయేకొద్దీ కుంగిపోసాగింది; చివరకు నది గట్ల మధ్య ఎత్తున, పొలాలు దాని కింద అయ్యాయి. హోమ్ ఫెన్ దగ్గర నేల సముద్రమట్టానికి 2.75 మీటర్లు దిగువన ఉంది. మురుగు నీరు తోడడానికి ముందు గాలిమరలు, ఆ తరువాత ఆవిరి ఇంజన్లు పెట్టారు. 1831 నాటి స్ట్రెథమ్ ఇంజను ఇప్పటికీ ఉంది. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని గుర్తు చేసుకొంటే, ఒకే తరంవారు అక్కడ నీరు తోడుతూ, ఇక్కడ నీరు పారిస్తూ ఉన్నారని తెలుస్తుంది. ఎండగట్టకుండా మిగిలిన కొద్దిపాటి చిత్తడిలో 1899 నుంచి రక్షిస్తూ వస్తున్న వికెన్ ఫెన్ ఒకటి.

అంత దూరం తిరిగే ఓపిక లేకపోతే, పావుగంట రైలు ప్రయాణంలో ఈలీ అనే ఊరు ఉంది. 1322లో నడిమి గోపురం కూలిపోయాక దాని స్థానంలో కట్టిన ఎనిమిది మూలల దీపగోపురం అక్కడి కథీడ్రల్ (పెద్ద చర్చి) మీద ఉంది. దాన్ని చూస్తే ఏ ఇంజనీరైనా చాలాసేపు తల ఎత్తి నిలబడతాడు. మీరిద్దరూ వెళ్లేది సందర్శకుల వీసా మీద కాబట్టి, ఆసుపత్రి ఖర్చులకు ప్రయాణ బీమా తప్పక చేయించుకోండి. మీ అమ్మాయి వీసాతోనే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కడుతుంది, కనుక చేరిన వెంటనే దగ్గరి డాక్టరు వద్ద పేరు నమోదు చేసుకొంటే సరిపోతుంది.