చిన్న మాడ్యులర్ రియాక్టర్లు: తెలంగాణ ముందుకెళ్లాలా, ఆగాలా?

కుషాయిగూడ వాసి:
చిన్న మాడ్యులర్ రియాక్టర్లంటే భాగాలు ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బిగించే చిన్న అణు విద్యుత్ రియాక్టర్లు. 2025 బడ్జెట్‌లో కేంద్రం వీటి పరిశోధనకు 20 వేల కోట్లు ప్రకటించింది. 2033 నాటికి కనీసం ఐదు నడవాలట. హైదరాబాద్ డేటా సెంటర్లకు రాత్రీపగలూ కరెంటు కావాలి, రాత్రి సోలార్ రాదు. దామరచర్లలో 4,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పెట్టుకున్నాం, ఇంకా ఎన్ని పెడతాం? అణు ఇంధన కట్టలు చేసే ఎన్‌ఎఫ్‌సీ, కంట్రోల్ పరికరాలు చేసే ఈసీఐఎల్ మా ఇంటి పక్కనే ఉన్నాయి. పని తెలిసిన ఊరు వెనకాడటం ఎందుకు?

సైనిక్‌పురి:
పని తెలిసినవాళ్లున్నారు, కాదనను. నా పేచీ ధర దగ్గరే. కైగా, నరోరా అణు కేంద్రాల్లో మనం కట్టిన రియాక్టర్లు 220 మెగావాట్లవి. 300 లోపువన్నీ చిన్నవే అనుకుంటే, చిన్న రియాక్టర్లు మనకు కొత్త కాదు. మరి తారాపూర్‌లో 540కి, కాక్రాపార్‌లో 700కి ఎందుకు పెంచాం? రియాక్టర్ సగమైతే కాపలా, సిబ్బంది, అనుమతుల ఖర్చు సగం కాదు. ఆ లోటును ఫ్యాక్టరీలో ఒకే నమూనాను వరసగా తయారుచేసి పూడుస్తామంటున్నారు. దానికి పదులకొద్దీ ఆర్డర్లు కావాలి, మొదట ఇచ్చేదెవరు? అమెరికాలో న్యూస్కేల్ కంపెనీ చిన్న రియాక్టర్లతో తలపెట్టిన ఐడహో ప్రాజెక్టులో కరెంటు అంచనా ధర మెగావాట్ అవర్‌కి (వెయ్యి యూనిట్లకి) 58 డాలర్ల నుంచి 89కి ఎక్కింది. కరెంటు కొనేందుకు చాలినంతమంది ముందుకు రాలేదు, 2023 నవంబర్‌లో రద్దయింది.

కుషాయిగూడ వాసి:
భద్రత సంగతి మరిచారు. 2011లో ఫుకుషిమాలో సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగి, పంపులు ఆగి ఇంధనం కరిగింది. చిన్న రియాక్టర్‌లో, దాన్ని ఆపాక ఇంధనంలో మిగిలే వేడి తక్కువ. చాలా నమూనాల్లో పంపుల్లేకుండా నీరు తనంతట తానే తిరిగి చల్లబరుస్తుంది. రష్యాలో పెవెక్ రేవు దగ్గర చిన్న రియాక్టర్లతో నీటిమీద తేలే ప్లాంటు 2020 నుంచి నడుస్తోంది కూడా.

అచ్చంపేట:
అన్నా, యురేనియం ఎక్కడిది? నల్లమలలో తవ్వొద్దని 2019లో మేం రోడ్డెక్కితే అసెంబ్లీ తీర్మానం చేసింది. హైదరాబాద్‌కు కరెంటు, మాకు గుంతలు అయితే ఒప్పుకోం.

సైనిక్‌పురి:
అచ్చంపేట గారి ప్రశ్నకు బదులివ్వకుండా ఏ ప్లాంటూ కదలకూడదు. వ్యర్థం సంగతీ అంతే. రియాక్టర్ గర్భం, అంటే ఇంధనం ఉండే నడిమి భాగం, చిన్నదైతే న్యూట్రాన్లు ఎక్కువగా బయటికి జారి చుట్టూ ఉన్న ఉక్కును రేడియోధార్మికం చేస్తాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల బృందం 2022లో మూడు నమూనాలు లెక్కగట్టి, వ్యర్థం 2 నుంచి 30 రెట్లు పెరగొచ్చంది. చిన్నదాంట్లో వేడి తక్కువన్న కుషాయిగూడ గారి మాట ఒప్పుకుంటాను. నేను అడిగేదల్లా, కేంద్రం తన ఖర్చుతో తొలి రియాక్టర్ కట్టి, కొన్నేళ్లు నడిపి, యూనిట్ ధర బయటపెట్టేదాకా మన డిస్కంలు కొనుగోలు ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు.