వంటింటి చెత్త ఎరువు: కంపు, పురుగులు ఆగేదెలా?

బొబ్బిలి మేడతోట: 20 లీటర్ల పెయింటు డబ్బా, చుట్టూ కన్నాలు, అడుగున ఎండాకులు. వారం తిరక్కుండానే కుళ్లుగుడ్డు కంపు, పురుగులు. అన్నం వేయొచ్చా? చేపలు కడిగిన నీళ్లు? ఎన్నాళ్లకి ఎరువవుద్ది?

కవిటి కొబ్బరి: ఆకులు అడుగున ఒక్కసారి వేస్తే సరిపోదండీ. తొక్కలు వేసిన ప్రతిసారీ పైన కప్పాలి. గిన్నెడు తొక్కలకి రెండు గిన్నెలు పొడిది. మా ఉద్దానంలో కొబ్బరి పొట్టుకి కరువేటి? పిడికెడు తీసి పిండండి, వేళ్ల సందుల్లో నీరు కారితే తడెక్కువ. కుళ్లుగుడ్డు కంపంటే లోపల గాలాడట్లేదు. ముక్కు మండే ఘాటైతే వేరే సంగతి, పచ్చిసరుకు ఎక్కువై అమోనియా వస్తోంది.

ఎరువుల మాస్టారు: ఇలాంటి డబ్బాలు లెక్కలేనన్ని బాగుచేశాను. రోజూ గుప్పెడు పొయ్యి బూడిద, చిటికెడు సున్నం చల్లండి. పురుగు చస్తుంది, కంపు పోతుంది.

చీపురుపల్లి పాదు: మాస్టారూ, రోజూనా! బూడిదా సున్నమూ రెండూ క్షారమే. పచ్చిచెత్తలో పడితే నత్రజని అమోనియాగా గాల్లో కలిసిపోద్ది. మొక్కకి మిగిలేదేటి? ఘాటు ఇంకా పెరుగుద్ది.

ఎరువుల మాస్టారు: మా తాతల కాలం నుంచి పెంటకుప్పల మీద బూడిద పోస్తూనే ఉన్నారు.

చీపురుపల్లి పాదు: కుప్ప ఆరుబయట, బండెడు పేడ మీద. ఇది మూతున్న డబ్బా. వారానికో చెంచా బూడిదైతే నేను కాదనను. సున్నం మాత్రం వద్దు.

పలాస జీడి: పొట్టు మాకు దొరకదు. జీడిపిక్కల పెంకులు వేయొచ్చా? ఎండినవే.

కవిటి కొబ్బరి: వద్దు! ఆ పెంకులో జీడినూనె ఉంటాది. చెత్త తిరగేసిన చేతులు పొక్కిపోతాయి. పప్పు మీది ఎర్రపొర పర్లేదు. ఊక ఉన్నా వేసుకోండి, కానీ అది ఓ పట్టాన కుళ్లదు, గాలికే పనికొస్తాది. పొట్టూ అంతే, ఎరువయ్యాక జల్లెడ పట్టి మిగిలింది మళ్లీ వాడుకోవడమే.

ఎరువుల మాస్టారు: చూశారా, పొట్టు కుళ్లదని తనే ఒప్పుకున్నాడు.

చీపురుపల్లి పాదు: మాస్టారూ, మాట తిప్పకండి. మేడతోట గారూ, పురుగు గోధుమ రంగులో, చపటగా, గట్టిగా, వేలి కణుపంత ఉంటే బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్ల. కుట్టదు, చెత్తే తింటాది. మెత్తటి తెల్లదైతే మామూలు ఈగది. రెండింటికీ మందొకటే, నాలుగు వేళ్ల మందాన పొడిది కప్పి, మూత కింద పలచటి నేతగుడ్డ కట్టండి. అరటితొక్కల మీది చిన్న ఈగల గుడ్లు తొక్కతోనే లోపలికొస్తాయి, అందుకే వాటిని మధ్యలో పూడ్చాలి.

పలాస జీడి: పనస తొనల పీచూ?

కవిటి కొబ్బరి: సన్నగా తరిగి, ఓ పూట ఎండబెట్టి వేయండి. ఎండలో పెట్టకపోతే జిగురుతో ముద్దకట్టేస్తాది.

బొబ్బిలి మేడతోట: అన్నం, చేపనీళ్ల సంగతి ఎవరూ చెప్పనేదు.

చీపురుపల్లి పాదు: అన్నం గుప్పెడు మించకుండా, పొట్టుతో పొడిపొడిగా కలిపి వేయండి. చేపనీళ్లు డబ్బాలో పోస్తే ఎలకలకి పిలుపే. కొబ్బరిచెట్టు పాదులో పోసి మట్టి కప్పండి.

ఎరువుల మాస్టారు: ఆ మట్టి మీద కాస్త బూడిద కూడా.