పాప తప్పు చెబితే సరిదిద్దాలా, వదిలేయాలా?

మా పాపకి ఐదేళ్లు. నిన్న తన ఎదురుగానే పొట్టి గ్లాసులోని పాలు సన్నటి పొడుగు గ్లాసులోకి వంపితే "ఇప్పుడు ఎక్కువయ్యాయి" అంది, వెనక్కి పోసి చూపించినా అదే మాట. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన సైకాలజిస్ట్ పియాజే లెక్కన ఏడేళ్లు వచ్చేదాకా ఇది మామూలే, పిల్లలు తమంతట తామే చేసి చూసి తెలుసుకుంటారు. ఇంకో సైకాలజిస్ట్ వైగోట్‌స్కీ మాత్రం పెద్దవాళ్లు కాస్త సాయం చేస్తే ఒంటరిగా చేయలేనిది కూడా చేయగలరంటాడు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయ దర్శనమైతే ప్రత్యక్షం (స్వయంగా చూసి తెలుసుకోవడం), అనుమానం (ఒక గుర్తుని బట్టి తేల్చుకోవడం), ఉపమానం (పోలికతో తెలుసుకోవడం) వీటితో పాటు శబ్దాన్ని, అంటే నమ్మదగినవాళ్ల మాటని కూడా ప్రమాణంగా, అంటే సరైన జ్ఞానానికి దారిగా, ఒప్పుకుంటుంది కదా, మరి మా పాప నా మాట కన్నా తన కంటినే ఎందుకు నమ్ముతోంది? నేను చెప్పి ఒప్పిస్తే అది తనకి తెలిసినట్టా, నా మాట అప్పజెప్పినట్టా? సైకాలజీ చదివినవాళ్లు, చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేవాళ్లు మీరైతే ఏం చేస్తారో చెప్పండి ప్లీజ్.