సూపర్‌హీరో మూలకథకు ‘ఇంతింతై వటుడింతై’ అతుకుతుందా?

గాంధీనగరం కామిక్స్
ఐరన్ మ్యాన్ మొదటి సినిమా (2008) మీద రాసిన మెచ్చుకోలులో ఒక వాక్యం: ‘గుహలో తుక్కుతో మొదలుపెట్టిన టోనీ స్టార్క్ ఇంతింతై వటుడింతై ఆకాశాన్నంటాడు.’ పోతన భాగవతంలో వామనుడి పెరుగుదలను చెప్పే ఈ మాటను ఇక్కడ వాడకూడదని గుంటూరు బ్రాడీపేట మాస్టారు అభ్యంతరం చెప్పారు. సినిమాలో ఎదుగుదల మెట్టుమెట్టుగానే ఉంది కదండీ. క్షిపణి ముక్కలతో గుహలో కొట్టిన మొదటి కవచం, బాగా ఎత్తుకు పోయాక మంచు పట్టి మొరాయించిన రెండోది, ఆ లోపం దిద్ది బంగారం-టైటానియం మిశ్రలోహంతో చేసిన మూడోది. 1963 నాటి కామిక్‌లో కథ వియత్నాంలో మొదలవుతుంది, సినిమాలో అఫ్ఘానిస్తాన్‌లో. చోటు మారినా బందీగా ఉండి కవచం కొట్టుకోవడం మారలేదు. మరి తప్పెక్కడ?

బ్రాడీపేట ఛందస్సు
ముందు పద్యం మొత్తం చూడండి. అష్టమ స్కంధంలో వామన చరిత్ర, శార్దూలం:

ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దా నింతై నభోవీథిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రుని కంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

మొదట పాఠం సంగతి. అందరం ‘వటుడింతై’ అంటాం, పద్యంలో ఉన్నది ‘వటుఁడింతయై’. శార్దూలానికి పాదంలో గణాలు, అంటే గురు లఘువుల గుంపులు, వరసగా మ, స, జ, స, త, త, చివర ఒక గురువు (గ). ‘ఇంతింతై’ మగణం, ‘వటుఁడిం’ సగణం, ‘తయైమ’ జగణం. ‘డింతై’ అనగానే జగణం మొదట్లో ఉండాల్సిన లఘువు పోయి గురువు వచ్చి కూర్చుంటుంది, పాదం అక్కడే విరుగుతుంది. నుడికారంగా ‘వటుడింతై’ అనడం తప్పు కాదు, నాలుక నునుపు చేసుకున్న రూపం అది. పద్యంగా ఉదహరిస్తే మాత్రం ‘ఇంతయై’ అనే రాయాలి. పదమూడో అక్షరం ‘నిం’ చూసి యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొంతన) తప్పిందనుకోకండి. అది తాన్ + ఇంతై, అంటే ‘ఇ’కి ‘ఇ’తో స్వరయతి.

ఇక అర్థం. వటుడు చిన్నవాడుగా మొదలై కష్టపడి పెద్దవాడైనవాడు కాదు. అతను ముందే విష్ణువు. బలి చేతి ధార తన చేతిలో పడేదాకా మరుగుజ్జు రూపంలో ఆగాడు, పడ్డాక పెరిగాడు. ఉన్నదాన్ని బయటపెట్టడం అది, లేనిది సంపాదించడం కాదు. టోనీ స్టార్క్ కవచం లేనిదే ఎగరలేడు. అభ్యంతరం అందుకు.

పటమట పాఠకుడు
వటుడు అంటే మర్రిచెట్టు కాదా? ‘ఇంతింతై వటవృక్షమై’ అని చాలా చోట్ల కనిపిస్తుంది.

బ్రాడీపేట ఛందస్సు
కాదండీ. వటం మర్రి, వటుడు బ్రహ్మచారి. ఒడుగు శుభలేఖల్లో ‘చిరంజీవి వటువు’ అని వేస్తారు చూడండి, ఆ మాటే. మర్రి కూడా చిన్న గింజలోంచి పెద్ద మానవుతుంది కాబట్టి పొరపాటు నప్పినట్టే ఉంటుంది, అందుకే పట్టుకుని వదలడం లేదు. కానీ మర్రి అనుకుంటే వామనుడు పోతాడు, మూడడుగులు పోతాయి.

మంగళగిరి తెలుగు
మాస్టారి అభ్యంతరం న్యాయమే గానీ, పద్యంలో అంతకన్నా పెద్ద విషయం ఒకటుంది. ‘ఇంత’ ఎక్కడ ఆగిందో, ‘అంత’ ఎక్కడ మొదలైందో లెక్కపెట్టండి. ఇంతింతై, ఇంతయై, ఇంతై: మూడూ మొదటి పాదంలోనే. నభోవీథి దాటగానే అంతై, అల్లంతై, అంతై, అంతయై, అంతై, అంతై. ఆరుసార్లు ‘అంత’, మళ్లీ ఒక్కసారి కూడా ‘ఇంత’ లేదు.

తెలుగులో ‘ఇంత’ అన్నప్పుడు రెండు చేతులూ ఎడం చేసి చూపిస్తాం. ‘అంత’ అన్నప్పుడు చెయ్యి చాపుతాం. ‘అల్లంత’ అన్నప్పుడు తల ఎత్తి, కళ్లు చిట్లిస్తాం. అంటే కొలిచేవాడు కదల్లేదు. బలి యాగశాలలో నేల మీదే నిలబడి ఉన్నాడు, వటుడే దూరమవుతున్నాడు. పెరుగుదలను కొలతతో కాకుండా చూసేవాడికీ వాడికీ మధ్య పెరిగే దూరంతో చెప్పాడు పోతన. రెండక్షరాల మాటలో మొదటిది మార్చి ఇంత పని చేయించడం మహాద్భుతం.

సినిమాకు ఈ మాట అతుకుతుందా అని చూడాల్సింది ఇక్కడ. హీరో పైకి లేస్తున్నప్పుడు కెమెరా నేల మీద ఉందా, అతనితో పాటు ఎగిరిందా?

గాంధీనగరం కామిక్స్
అలా చూస్తే ఐరన్ మ్యాన్ నిజంగానే నిలవదు. ఎగిరే దృశ్యాల్లో పదేపదే శిరస్త్రాణం లోపలికి వెళ్తాం, టోనీ ముఖమూ చుట్టూ వెలిగే అంకెలూ చూస్తాం. ప్రేక్షకుడు అతనితోనే ఉన్నాడు, అంతా ‘ఇంత’లోనే జరుగుతుంది. ఆ సినిమా బలం కూడా అదే.

‘అంత’ కావాలంటే 1978 సూపర్‌మ్యాన్. డైలీ ప్లానెట్ పత్రిక మేడ అంచున హెలికాప్టర్ వేలాడుతుంది, విలేకరి లోయిస్ జారి పడుతుంది. కింద వీధిలో జనం మెడలు ఎత్తి చూస్తుంటారు. అతను పైకి ఎగిరి ఒక చేత్తో ఆమెను, రెండో చేత్తో హెలికాప్టర్‌ను పట్టుకుంటాడు. అతని ఎత్తును మనకు కొలిచి చెప్పేది ఆ జనం మెడలే. పైగా అతని శక్తి క్రిప్టాన్ గ్రహం నుంచి పుట్టుకతో వచ్చింది, మామూలు మనిషి క్లార్క్ కెంట్‌గా పెట్టుకునే కళ్లద్దాలు మరుగుజ్జు వేషం లాంటివి. మాస్టారి షరతూ, మీ షరతూ రెండూ తీరాయి. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికతో వచ్చిన హీరోకు పోతన పద్యం ఇంత చక్కగా కుదరడం ఒళ్లు పులకరించే సంగతి.

పరిటాల దారి
కొలత మాట వచ్చింది కాబట్టి వెంటనే వచ్చే మత్తేభం కూడా చూడాలి:

రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై శిరోరత్నమై
శ్రవణాలంకృతియై గళాభరణమై సౌవర్ణకేయూరమై
ఛవిమత్కంకణమై కటిస్థలి నుదంచద్ఘంటయై నూపుర
ప్రవరంబై పదపీఠమై వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్.

ఇందులో వటుడి ఎత్తు గురించి ఒక్క మాట లేదు. సూర్యుణ్ణి ఒకచోట నిలిపాడు. మొదట గొడుగు, తర్వాత తలమానికం, చెవి కమ్మ, కంఠహారం, భుజకీర్తి, కంకణం, మొలగంట, అందె, చివరికి కాళ్ల కింద పీట. తొమ్మిది మెట్లలో సూర్యుడు తల పైనుంచి పాదాల కిందికి వచ్చాడు. పెద్ద ఆకారం చూపించే దర్శకులందరికీ పనికొచ్చే సూత్రం: పక్కన కదలని వస్తువు ఒకటి ఉంచు. అది లేకపోతే గ్రాఫిక్స్‌లో కొండంత చేసినా కంటికి మామూలు మనిషిలాగే ఉంటాడు. హైదరాబాద్ రోడ్డు మీద పరిటాల ఆంజనేయుణ్ణి ఫొటో తీసేవాళ్లూ ఈ పొరపాటే చేస్తారు. విగ్రహం 135 అడుగులు. ఒట్టి ఆకాశం మీద తీస్తే ఎంతదో తెలియదు. పాదాల దగ్గర ఒక మనిషిని కూడా చట్రంలోకి తెస్తే అప్పుడు తెలుస్తుంది.

పటమట పాఠకుడు
మరి స్పైడర్‌మ్యాన్‌కు ఏ మాట? అతనిది పుట్టుకతో వచ్చింది కాదు, తయారు చేసుకున్నదీ కాదు.

మంగళగిరి తెలుగు
భ్రమరకీటక న్యాయం. భ్రమరం పురుగును తెచ్చి గూట్లో పెట్టి కుట్టి, చుట్టూ ఝంకారం చేస్తే ఆ పురుగు దాన్నే తలచి తలచి భ్రమరమైపోతుందని చెప్తారు. కుట్టడం వల్ల రూపం మారడం ఇక్కడా ఉంది. నిజానికి మట్టిగూడు కట్టే కందిరీగ పురుగును కుట్టి కదలకుండా చేసి, గూట్లో గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల ఆ పురుగును తిని పెరిగి బయటికొస్తుంది. పూర్వులు చూసింది సరైనదే, అర్థం చేసుకోవడంలో మారింది.

ఒక తేడా మరవకూడదు. న్యాయంలో తలపోత ముందు, మార్పు తర్వాత. సాలీడు కుట్టి స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్‌కు మార్పు ముందు వచ్చింది, తలపోత బెన్ బాబాయి పోయాక వచ్చింది. అతను మొదటిసారి కనిపించిన 1962 ఆగస్టు కామిక్ సంచికలో శక్తీ బాధ్యతా గురించిన వాక్యం ఎవరి నోటా రాదు, కథ చివరి గడిలో కథకుడి మాటగా ఉంటుంది. 2002 సినిమా దాన్ని కారులో బెన్ చేత చెప్పించింది. తెలుగులో పెట్టాలంటే ‘గొప్ప శక్తితో గొప్ప బాధ్యత వస్తుంది’ అనకండి, అది డబ్బింగ్ వాసన కొడుతుంది. ‘బలం ఎంతో బాధ్యతా అంతే’ అంటే సరిపోతుంది. మళ్లీ ‘అంత’ కుటుంబమే.

ఇంద్రకీలాద్రి మెట్లు
బ్యాట్‌మ్యాన్‌కు మన కొండ మీదే మాట ఉంది: దీక్ష. 1939 నవంబరు డిటెక్టివ్ కామిక్స్‌లో మొదటిసారి చెప్పిన మూలకథ రెండు పుటలే. తల్లిదండ్రులు హత్యకు గురయ్యారు, పిల్లవాడు కొవ్వొత్తి వెలుగులో ప్రతిన పూనాడు, ఏళ్ల తరబడి శరీరాన్నీ బుద్ధినీ సానబెట్టాడు. అర్జునుడు కూడా ఇంద్రకీలాద్రికి వచ్చేనాటికే మేటి విలుకాడు. అయినా తపస్సు చేశాడు, కిరాతుడితో పెనుగులాడి ఓడి పాశుపతం పొందాడు. ఇలాంటి కథకు ‘ఇంతింతై’ అంటే ఆ శ్రమ చిన్నబోతుంది.

2024 సంక్రాంతికి వచ్చిన హనుమాన్‌కు ‘తన బలం తనకు తెలియని హనుమంతుడు’ అన్న మాట కూడా కుదరదు. అందులో కుర్రాడికి బలం మణి వల్ల వచ్చింది, మరిచిపోయిన బలాన్ని జాంబవంతుడు గుర్తు చేసింది కాదు.

విలన్‌ల మూలకథకు మాత్రం వెతకక్కర్లేదు, ‘ఏకు మేకైంది’ సిద్ధంగా ఉంది. మెత్తని దూది ఏకు గుచ్చుకునే మేకు కావడం.

గాంధీనగరం కామిక్స్
వాక్యం మార్చాను: ‘క్షిపణి ముక్కలతో కవచం కొట్టుకున్న టోనీ, మంచు పట్టి మొరాయించిన దాన్ని మళ్లీ కరిగించి పోసినట్టు తనను తాను దిద్దుకున్నాడు.’ పద్యాన్ని సూపర్‌మ్యాన్ పరిచయానికి దాచాను, ‘ఇంతయై’ అనే రాస్తాను.

బ్రాడీపేట ఛందస్సు
బాగుంది. ‘మఱియు’లో బండి ఱ మరవకండి.